ఎస్ఎస్ 304లో ఎండ్‌మిల్ మాడిపోతోందా? ఫీడ్ తగ్గించకండి, స్పీడు తగ్గించండి

మీరు చెప్పింది: గాజువాక ఆటోనగర్ షాపులో పాత గేర్‌హెడ్ (గేర్లు మార్చి స్పీడు మార్చే) మిల్లింగ్ మిషన్, ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) ప్లేటులో స్లాట్ (గాడి), 10 మి.మీ. 4 పళ్ళ హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) ఎండ్‌మిల్ కట్టర్, 900 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), నిమిషానికి 30 మి.మీ. ఫీడ్ (టేబుల్ ముందుకు జరిగే వేగం). రెండు జాబులకే (కోసే ముక్కలకే) కట్టర్ నల్లబడుతోంది.

ముందు మీ లెక్కే చూద్దాం. 30ని 900తో, మళ్ళీ 4తో భాగిస్తే పంటికి వచ్చేది 0.008 మి.మీ. అంత పల్చగా పన్ను కొయ్యదు, రుద్దుతుంది. 304ని రుద్దితే పైపొర గట్టిపడిపోతుంది. తర్వాతి పన్ను ఆ గట్టి పొర మీదే పడుతుంది. భయంతో ఫీడ్ ఇంకా తగ్గిస్తారు, కట్టర్ ఇంకా తొందరగా పోతుంది.

ఆర్‌పీఎంకి సూత్రం: కటింగ్ స్పీడు (పంటి అంచు నిమిషానికి పోయే మీటర్లు) × 318 ÷ కట్టర్ డయా (వ్యాసం, మి.మీ.లో). 304కి హెచ్ఎస్ఎస్‌తో నిమిషానికి 15 మీటర్ల చుట్టూ ఉండాలి, అంటే 477 ఆర్‌పీఎం. గేరుల్లో 450, 560 ఉంటే 450కే వెయ్యండి. మీ 900 మైల్డ్ స్టీలు స్పీడు, ఎస్ఎస్‌ది కాదు.

ఫీడ్ పంటికి 0.03 పట్టుకుంటే 450 × 4 × 0.03 = నిమిషానికి 54 మి.మీ. కాబట్టి 55తో మొదలెట్టి, చప్పుడు బాగుంటే 70 దాకా పోండి. స్లాట్ లోతు పాసుకి (ఒక్కో కోతకి) 3 మి.మీ. దాటొద్దు. మధ్యలో టేబుల్ ఆపి కట్టర్ని అక్కడే తిప్పొద్దు, ఆగినచోటల్లా గట్టిపడుతుంది. ఇప్పటికే గట్టిపడిన జాబు మీద 0.1 మి.మీ. గీకడం దండగ. కనీసం 0.5 దించి ఆ పొర కిందికి వెళ్ళాలి.

పక్క గోడ ఫినిషింగ్‌లో 1 మి.మీ. మాత్రమే తీస్తుంటే చిప్ (కోసిన రజను) మందం పంటి ఫీడ్‌లో 60 శాతమే వస్తుంది, అందుకే అక్కడ నిమిషానికి 100 ఇచ్చినా పర్లేదు.

చిప్స్ తెల్లగా, మహా అయితే లేత గడ్డి రంగులో రావాలి. హెచ్ఎస్ఎస్‌తో నీలం వస్తే స్పీడు ఎక్కువైనట్టే. కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధార ఆగకుండా పడాలి, నీళ్ళలో కూలెంట్ నూనె 8 శాతం కలపండి. మన సముద్రపు ఉప్పుగాలికి నీళ్ళ కూలెంట్ పెడితే తుప్పుపట్టేది ఎస్ఎస్ జాబు కాదు, దాన్ని పట్టుకునే వైస్. బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువైతే నూనె విడిపోతుంది, మంచినీళ్ళే వాడండి.

కట్టర్ అరుస్తుంటే ముందు కోలెట్ (కట్టర్ని పట్టుకునే బిగింపు) బయట ఎంత వేలాడుతోందో చూడండి. 40 మి.మీ. ఉన్నదాన్ని 30కి లోపలికి తోస్తే వంగడం సగానికన్నా తగ్గుతుంది. అయినా అరిస్తే 355 గేరులో వేసి, ఫీడ్ 55 అలాగే ఉంచండి.