నిమిషంలో క్యాడ్ డ్రాయింగ్ వస్తుంటే కోర్సు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. ఆటోక్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్) కోర్సులో చేరతానంటోంది. పీడీఎఫ్ ఫైల్‌ని ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే నిమిషంలో ఎడిట్ చేసుకునే క్యాడ్ డ్రాయింగ్‌గా మారిపోతోందట కదా! మరి ఈ కోర్సుకు డబ్బు, సమయం పెట్టడం వృథా కాదా?

జవాబు: నిశ్చింతగా చేర్పించండి. ఫైల్ నిమిషంలో మారే మాట నిజమే. కానీ వచ్చినదాన్ని ఆఫీసులో పనికొచ్చేలా చేయడానికి డ్రాఫ్టింగ్ (ప్లాన్లు గీసే పని) తెలిసిన మనిషి కావాలి.

ముందు ఆ పీడీఎఫ్ ఎలాంటిదో చూడాలి. బాగా జూమ్ చేసినా గీత నున్నగా ఉంటే అది క్యాడ్ నుంచి నేరుగా తీసిన వెక్టర్ ఫైల్ (గీతలు గీతలుగానే ఉన్నది), చాలావరకు బాగానే మారుతుంది. గీత చుక్కలుగా విడిపోతే అది స్కాన్, అంటే ఒట్టి ఫొటో. ఏది గోడ గీతో, ఏది కాగితం మడతో సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేదు. అలాంటివి చాలాసార్లు మళ్లీ గీసుకోవడమే తేలిక.

వెక్టర్ ఫైల్‌తోనూ అసలు చిక్కు స్కేల్ దగ్గర వస్తుంది. 1:100 ప్లాన్‌లో 3600 మిల్లీమీటర్ల గోడ కాగితం మీద 36 మిల్లీమీటర్లే. మార్చిన ఫైల్లో ఆ గోడను కొలిస్తే 36 రావచ్చు, ఒక్కోసారి 102 కూడా రావచ్చు. పీడీఎఫ్ లోపలి కొలత అంగుళంలో 72వ వంతు కావడమే ఈ 102కి కారణం, 36 మిల్లీమీటర్లంటే అలాంటివి సుమారు 102. కొలత తెలిసిన ఒక గోడను ఆధారంగా తీసుకుని, స్కేల్ కమాండ్‌లో రిఫరెన్స్ ఇచ్చి (ఇప్పుడున్న కొలత, ఉండాల్సిన కొలత రెండూ చెప్పి) మొత్తం సరిచేయాలి. తర్వాత అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కొలిచి చూసుకోవాలి. ఈ పని వదిలేస్తే ఆ డ్రాయింగ్ మీద వేసే ప్రతి లెక్కా తప్పుతుంది.

డైమెన్షన్లు (డ్రాయింగ్ మీద చూపే కొలతలు) కూడా విడి గీతలు, విడి అంకెలుగా వచ్చేస్తాయి. గోడ జరిపినా అంకె మారదు. గోడలు, తలుపుల వంటివాటిని విడివిడిగా ఉంచే లేయర్లు (పొరలు) కలగాపులగం అవుతాయి, కొన్ని ఫాంట్ల అక్షరాలు గీతలుగా మారిపోతాయి. ఇవన్నీ చక్కబెట్టడం వచ్చిన వాళ్ల మీదే ఆఫీసు ఆధారపడుతుంది.

ఇంకో విషయం అమ్మాయికి ఇప్పుడే గట్టిగా చెప్పండి. ఉద్యోగంలో చేరాక కంపెనీ డ్రాయింగులను అనుమతి లేకుండా ఏ ఉచిత వెబ్‌సైట్‌లోనూ అప్‌లోడ్ చేయకూడదు. అవి క్లయింట్‌వి. బయటి సర్వర్‌కి వెళ్లిన ఫైల్ ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు, ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ఆ అవసరం కూడా పెద్దగా ఉండదు. ఆటోక్యాడ్‌లో 2017 వెర్షన్ నుంచి పీడీఎఫ్ ఇంపోర్ట్ సదుపాయం ఉంది. వెక్టర్ ఫైళ్లకు అది సరిపోతుంది.

కోర్సు మొదలయ్యాక తను గీసిన ప్లాన్‌నే ఒకటి పీడీఎఫ్‌గా తీసి, తిరిగి క్యాడ్‌లోకి తెచ్చి, అసలు ఫైల్‌తో పోల్చి చూడమనండి. ఏవేం పోయాయో రాసుకుని ఒక్కొక్కటీ సరిచేయాలి. అసలు ఫైల్, మారి వచ్చింది, సరిచేసింది మూడూ దాచుకుని ఇంటర్వ్యూలో చూపిస్తే, సర్టిఫికెట్ కంటే ముందు వాటి గురించే అడుగుతారు.