సింకు సంగతి సరే, మీ ఆవిడ ఎత్తెంత?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇద్దరు పిల్లలు. ఈ మధ్య వంటిల్లు రీమోడల్ మొదలుపెట్టాం. మా ఆవిడ తెల్లటి ఫార్మ్‌హౌస్ సింకు, అదీ ఫైర్‌క్లేది (కాల్చిన మట్టిది), కావాలంటోంది. నేను ఎక్సెల్‌లో అన్నీ పోల్చి చూశాను, జత చేస్తున్నాను. ఎలా చూసినా మామూలు డబుల్ బౌల్ (రెండు తొట్ల) స్టీల్ సింకే నయం. అట్లాంటాలో ఉండే మా అక్క కూడా అదే చెప్పింది. మా ఇంట్లో అక్క మాట ఎప్పుడూ తీసెయ్యలేదు. 2003లో నా ఎమ్మెస్ ఫీజు కట్టింది తనే. ఈ ఇల్లు కొన్నప్పుడు కౌంటర్ రాయి రంగు దగ్గర్నుంచి పూజగది దాకా తనే చూసుకుంది. తెనాలి నుంచి అమ్మ కూడా వీడియో కాల్లో ‘తెల్ల సింకా, పసుపు మరకలు ఎవరు తోముతారు’ అంది. ఇవన్నీ చెబితే మా ఆవిడ ‘మీ ఇష్టం’ అంది. ఒప్పుకుంది కదా అనుకున్నాను. మూడు వారాలైంది, వంటింటి ఊసే ఎత్తడం లేదు. ఎప్పుడైనా కదిపితే నడుం నొప్పి అనీ అదనీ ఏదో ఒకటి అంటుంది. కొత్త కౌంటర్ రాయికి అడ్వాన్స్ కూడా కట్టాను. ఇంతకీ ఫైర్‌క్లే మంచిదా, స్టీల్ మంచిదా? ఆవిడకు ఎలా నచ్చజెప్పాలి? ఒకవేళ ఫార్మ్‌హౌసే పెట్టిస్తే అక్క బాధపడదా?

జవాబు: మీ ఎక్సెల్ చూశాను బాబూ. పదకొండు వరసలు. పొడవు, వెడల్పు, లోతు, బరువు, ధర, వారంటీ, రేపు ఇల్లు అమ్మితే కొనేవాళ్లకు నచ్చుతుందా లేదా... అన్నీ ఉన్నాయి. ఆ సింకు ముందు రోజూ నిలబడే మనిషి ఎత్తు మాత్రం లేదు. ఉత్తరంలోనూ లేదు. అక్కగారు ఏ ఊళ్లో ఉంటారో, ఏ సంవత్సరంలో ఫీజు కట్టారో రాశారు. మీ ఆవిడ ఏం ఉద్యోగం చేస్తుందో కూడా రాయలేదు. ‘నడుం నొప్పి అనీ అదనీ’ అన్నారు చూశారా, ఆ ‘అదనీ’ దగ్గర నాకు ఒళ్లు మండింది.

ముందు మీరడిగింది తేల్చేస్తాను, అది చిన్న పని. మీ ఎక్సెల్‌కి ‘ఫార్మ్‌హౌసా, స్టీలా’ అని పేరు పెట్టుకున్నారు. ఫార్మ్‌హౌస్ అన్నది ఆకారం. స్టీల్ అన్నది లోహం. ఇడ్లీ మంచిదా ఇత్తడి మంచిదా అన్నట్టుంది ఆ పోలిక. సింకు ముందు గోడ రాయి వెనక దాక్కోకుండా, వంటావిడ నడుముకి కట్టుకున్న ఏప్రాన్‌లాగా అలమర తలుపుల పైకి దిగి కనిపిస్తే దాన్ని ఫార్మ్‌హౌస్ సింకంటారు. ఆ ఆకారం స్టీల్లోనూ దొరుకుతుంది. పోత ఇనుముకి ఎనామిల్ పూసిందీ దొరుకుతుంది. 1,000 డిగ్రీల సెల్సియస్ దాటిన బట్టీలో కాల్చిన మట్టిది, అంటే మీ ఆవిడ అడిగిన ఫైర్‌క్లేదీ దొరుకుతుంది. మీ పదకొండు వరసలూ ఇక్కడికి సరి.

దానికి ఆ ముందు గోడ ఎందుకొచ్చిందో కూడా చూడండి. మామూలు సింకుకీ మనిషికీ మధ్య మూడు నాలుగు అంగుళాల రాయి అడ్డం ఉంటుంది. దాని మీదుగా వంగి, చేతులు చాపి కుక్కర్ తోమాలి. ఈ సింకులో ఆ అడ్డం ఉండదు. పొట్ట ఆనించి నిటారుగా నిలబడొచ్చు. బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో వంటిళ్లలోకి కుళాయిలు రాకముందు నీళ్లు మోసుకొచ్చి వాడుకునే రోజుల నాటి సరుకిది, అందుకే అంత లోతు. బెల్‌ఫాస్ట్ సింకుకి పొంగిన నీళ్లు పోయేందుకు పైన తూము ఉంటుంది, లండన్ సింకుకి ఉండదు. లండన్‌లో మంచినీళ్లు ప్రియం కాబట్టి ఒక్క చుక్కా పోనివ్వలేదని చెబుతారు. గంటల తరబడి దాని ముందు నిలబడి చాకిరీ చేసినవాళ్లు వాడిన వస్తువు. మీరేమో ఫ్యాషన్ అనుకున్నారు. మీ ఆవిడ అడిగింది నడుముకి కాస్త సుఖం. ఉత్తరం చివర్లో విసుగ్గా పడేసిన ఆ నడుం నొప్పే కారణం. ఆవిడ చెప్పింది. మీకు వినపడలేదు.

అలాగని కళ్లు మూసుకుని కొనమనను. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్లింట్లో 33 అంగుళాల తెల్ల ఫైర్‌క్లే సింకులో అయిదు నెలలు అంట్లు తోమాను. డిష్‌వాషర్ ఉంది లెండి, మనవాళ్లిళ్లలో అది సగం రోజులు గిన్నెలు ఆరబెట్టుకునే స్టాండే కదా. ఒకటే పెద్ద తొట్టి కాబట్టి అయిదు లీటర్ల కుక్కరూ, బూరెల మూకుడూ, ఇడ్లీ రేకులూ అన్నీ ఒరిగిపోకుండా కూర్చున్నాయి. డబుల్ బౌల్‌లో కుక్కర్ పెడితే పిడి బయటికి పొడుచుకొచ్చి, కడిగిన నీళ్లన్నీ మోచేతి మీదుగా కారతాయి. మొదటివారంలోనే తెల్లటి అడుగున పెన్సిల్ గీతల్లాంటి బూడిదరంగు చారలు పడ్డాయి. సింకు పాడుచేశానని గుండె గుభేలుమంది. తీరా చూస్తే అవి గీతలు కావు, మన స్టీల్ గిన్నెలు ఒరుసుకుని అంటిన లోహం. తడిపిన బేకింగ్ సోడాతో రుద్దితే పోయాయి. అమ్మగారి పసుపు బెంగ కూడా అంతే, పైన గాజులాంటి పూత ఉంటుంది, వెంటనే తుడిస్తే లోపలికి పట్టదు. గాజుగ్లాసు చెయ్యి జారితే మాత్రం ముక్కలే. ఇనప పెనం అంచు మీద పడితే సింకుకే పెచ్చు లేస్తుంది. ముందు అంచు మీంచి కారే నీళ్లు కింద అలమర తలుపుల మీదికే వెళతాయి, వెంటవెంటనే తుడుచుకోవాలి.

నాకు ఆ సింకు హాయిగానే ఉంది. మా అమ్మాయికి లేదు. అది వాళ్ల నాన్న పోలిక, పొట్టి. అమెరికా కౌంటర్ మామూలుగా 36 అంగుళాల ఎత్తు. పది అంగుళాల లోతు సింకు పెడితే అడుగు 26 అంగుళాల దగ్గరుంటుంది. గట్టు ఎత్తు పొట్టివాళ్ల భుజాలు పట్టేసేలా, అడుగు లోతు పొడుగువాళ్ల నడుం వంగేలా ఉంటుంది. ఎవరి ఒంటికి వాళ్లు చూసుకోవాల్సిన లెక్క అది. అందుకే అడుగుతున్నాను, మీ ఆవిడ ఎత్తెంత?

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఇంట్లో తగువు సింకు గురించి కాదు. అమ్మగారి గురించి కూడా కాదు, తెనాలిలో కూర్చున్న పెద్దావిడ పసుపు మరకల గురించి ఒక మాట అంటే దాంట్లో తప్పేం లేదు. మీ చిక్కంతా అక్కగారితో. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అక్కగారి ముందు మీరింకా ఫీజు కోసం ఎదురుచూస్తున్న కుర్రాడిలాగే నిలబడటంతో.

ఆవిణ్ని నేను ఒక్క మాట అనను. తమ్ముడి చదువుకి డబ్బు కట్టిన అక్క ఊరికే దొరకదు. ఆ రుణం మర్చిపోతే మీరు మనిషే కారు. కానీ అది మీ రుణం. తీర్చాల్సింది మీరు, మీ చేతుల్తో, మీ డబ్బుతో, మీ తీరికతో. ఆవిడకు ఒంట్లో బాగోకపోతే అట్లాంటా వెళ్లి పదిరోజులు ఉండండి. ఆవిడ పిల్లల పెళ్లిళ్లకు ముందు నిలబడండి. అంతేగాని మీ ఆవిడ వంటిల్లు తాకట్టు పెట్టి వడ్డీ కట్టకండి. ఆడపడుచు కట్నం పెళ్లిపీటల మీదే చెల్లిపోయింది, సింకు దాకా వాయిదాలు లేవు. రాయి రంగు ఆవిడది, పూజగది ఆవిడది. ఏడాదికి నాలుగు రోజులుండి వెళ్లే మనిషి ఎంచిన ఇంట్లో మిగతా మూడొందల అరవై రోజులూ ఇంకొకావిడ కాపరం చేస్తోంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒక తమ్ముడికి అక్కనే. మా నాన్న పోయాక వాణ్ని చదివించింది నేను. వాడు ఇల్లు కట్టుకుంటుంటే మేస్త్రీ పక్కన నిలబడి వంటగట్టు నేనే కట్టించాను, నా నడుం లెక్కన. నేను అయిదడుగుల ఆరంగుళాలు. మా మరదలు అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. తొమ్మిదేళ్లు ఆ పిల్ల పీట వేసుకుని, దాని మీద నిలబడి పప్పు తిప్పింది. వెళ్లినప్పుడల్లా ఆ పీట చూసేదాన్ని. కాలికి అడ్డొస్తే పక్కకి తోసేదాన్ని కూడా. ఇక్కడ పీటెందుకమ్మా అని ఒక్కసారి అడగలేదు. ఆ పిల్లా చెప్పలేదు. గట్టు కట్టేటప్పుడు మా తమ్ముడు అడిగితే ఏమందో తెలుసా? ‘మీ ఇష్టం’ అందట.

మగవాళ్లకి ఆ మాట ఎప్పుడూ సంతకంలాగే వినిపిస్తుంది. మన ఇళ్లల్లో ఆడది ‘నాకిది కావాలి’ అన్నంతసేపూ ఆ ఇల్లు తనదనే నమ్మకంతో ఉన్నట్టు. ‘మీ ఇష్టం’ అందంటే చెప్పడం మానేసిందన్నమాట. మీ ఆవిడ మానేసి మూడు వారాలైంది. నచ్చజెప్పడం ఎలా అని అడుగుతున్నారు. నచ్చజెప్పకండి. మీరు ఇప్పటికే చాలా చెప్పారు, ఎక్సెల్‌తో సహా.

ముందు అక్కగారికి ఫోన్ చెయ్యండి. మీ ఆవిడ వింటుండగా చెయ్యకండి, అది ఆవిడ కోసం ఆడిన నాటకంలా ఉంటుంది. ‘అక్కా, వంటింటి విషయాలు ఇక తనే చూసుకుంటుంది’ అనండి. అంతే. బడ్జెట్ అనీ, కాంట్రాక్టర్ ఇలా అన్నాడనీ సాకులు చెప్పకండి. మీ ఆవిడ పట్టుబట్టిందని అసలే అనకండి. ఆ మాటతో మీరు మంచివారై, ఆవిడ జీవితాంతం చెడ్డదవుతుంది. ‘ఈ నిర్ణయం నాదే’ అని చెప్పండి.

ఆ తర్వాత శనివారం షోరూంకి ఇద్దరూ వెళ్లండి. ఎక్సెల్ వద్దు. ఒక్కో సింకు ముందు ఆవిణ్ని నిలబడి చెయ్యి అడుగుదాకా పెట్టి చూడమనండి. తొమ్మిది అంగుళాల లోతు నప్పుతుందో, పదా, అడుగున స్టీల్ జాలీ వేస్తే ఇంకో అంగుళం కలిసొస్తుందేమో ఆవిడే చూసుకుంటుంది. చివరికి స్టీల్లోనే ఫార్మ్‌హౌస్ సింకు ఎంచుకోవచ్చు, అప్పుడు 16 గేజ్ అడగండి, అంకె తగ్గేకొద్దీ రేకు మందం. లేదా మీరన్న డబుల్ బౌలే నచ్చొచ్చు. ఏదైనా సరే, మీరు ‘చూశావా, నేను ముందే చెప్పాను’ అనకుండా ఉండగలిగితే చాలు. మళ్లీ ‘మీ ఇష్టం’ అంటే అక్కడితో ఇంటికొచ్చెయ్యండి, ఇంకో వారం వెళ్లండి. అప్పటిదాకా రోజూ రాత్రి అంట్లు మీరు తోమండి, ఆ మూడంగుళాల రాయి సంగతి మీకే తెలుస్తుంది.

రాయికి అడ్వాన్స్ కట్టానన్నారు. రాయి కోయించారా? లేకపోతే ఇబ్బంది లేదు. ఫైర్‌క్లే అయితే సింకు ఇంటికొచ్చాకే కొలత తీయించండి. బట్టీలో కాలేటప్పుడు ఒక్కొక్కటి కాస్త అటూ ఇటూ అవుతుంది, కేటలాగ్ కొలతతో కోస్తే సందులొస్తాయి. 33 అంగుళాలది చాలావరకు 100 పౌండ్ల పైమాటే, నిండా నీళ్లు పడితే ఇంకో 150. కాబట్టి అలమర లోపల గట్టి చట్రం వెయ్యమని కాంట్రాక్టర్‌కి ముందే చెప్పండి. సింకు కింద చెత్త నలిపే గార్బేజ్ డిస్పోజల్ బిగిస్తుంటే, దాన్ని సింకు రంధ్రానికి కలిపే ఫ్లాంజ్ పొడవాటిది కావాలా అని కూడా అడగండి, అడుగు మందం ఎక్కువ.

అక్క బాధపడదా అన్నారు. పడతారు. అలుగుతారు కూడా. మా తమ్ముడు రెండోసారి వంటిల్లు కట్టించేటప్పుడు ‘ఈసారి తనే చూసుకుంటుందక్కా’ అన్నాడు. రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. ఉగాదికి నేనే ఫోన్ చేశాను. మా మరదలు ఎత్తింది. పచ్చడిలోకి వేపపువ్వు దొరకలేదు వదినా అంది. సాయంత్రం నేనే పట్టుకెళ్లి ఇచ్చొచ్చాను.