ఒక్క ఏసీకే కరెంటు బిల్లు మూడింతలు అవుతుందా?

మీరు అడిగింది ఇదీ: కావలిలో రెండు పడకగదుల ఇల్లు, ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటి, బోరు మోటరు. మార్చిలో 190 యూనిట్లకు 950 చిల్లర కట్టారు. మే బిల్లు 430 యూనిట్లకు దాదాపు 3,100 వచ్చింది. మీటరు తప్పా, రేటు పెంచేశారా, ఎవరికి చెప్పుకోవాలి?

మీ కోపంలో న్యాయం ఉంది. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు వైపు చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో రాత్రి ఏసీ వెయ్యడం విలాసం కానే కాదు. అయితే సెక్షన్ ఆఫీసుకు పోయేముందు రెండు సంగతులు విడదీసి చూడండి. ఆ యూనిట్లు నిజంగా మీరు వాడినవేనా? వాడినవే అయితే వాటికి వేసిన లెక్క సరిగ్గా ఉందా?

లెక్క ముందు చూద్దాం. 2022లో మార్చిన గృహ వినియోగం స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90, 31 నుంచి 75 దాకా 3.00, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6.00, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. మీ 190 యూనిట్లకు 57, 135, 225, 390 కలిపి 807. మీ 430 యూనిట్లకు 2,840.75. యూనిట్లు రెండింతలు దాటి కాస్త పెరిగితే డబ్బు మూడున్నర రెట్లయింది. ఎండాకాలంలో అదనంగా కాలిన 240 యూనిట్లకే 2,034 రూపాయలు పడింది, అంటే సగటున యూనిట్ 8.47. రేటు కొత్తగా ఎవరూ పెంచకపోయినా మీరు పై మెట్టుకు ఎక్కారు. దెబ్బంతా అక్కడే తగిలింది.

ఒక్క యూనిట్ దాటితే మొత్తం బిల్లు కొత్త రేటుకు మారిపోతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. 2022కి ముందు ఏ, బి, సి గ్రూపులు ఉన్నప్పుడు గ్రూపు మారితే మొదటి యూనిట్ నుంచే రేటు మారేది, ఆ భయం అప్పటిది. ఇప్పుడు 226వ యూనిట్‌కే 8.75 పడుతుంది, కింది యూనిట్లకు కింది రేటే. కాబట్టి పొదుపు చేసే ప్రతి యూనిట్ మీకు 8.75 లేదా 9.75 మిగులుస్తుంది. కింద చెప్పేవన్నీ ఈ అంకెతో కొలుచుకోండి.

మిగతా వరసలు: ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయలు, విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు, కస్టమర్ చార్జీ, ఆపైన ఇంధన సర్దుబాటు, అంటే కరెంటు కొనుగోలు ఖర్చులో తేడాను తర్వాత వసూలు చేసే వరస. జనం ఎక్కువగా మోసపోయామనుకునేది ఈ చివరి వరస దగ్గరే. నెలవారీ సర్దుబాటు యూనిట్‌కు 40 పైసల దాకా ఉంటుంది, అది పడేది రెండు నెలల కిందటి వాడకం మీద. మే నెల యూనిట్ల సర్దుబాటు జులై బిల్లులో వస్తుంది. వానలు పడి ఏసీ కట్టేశాక కూడా ఆ వరస పెద్దగా కనిపిస్తే కంగారు పడకండి, పాత బిల్లు పక్కన పెట్టుకుని ఆ నెల యూనిట్లతో గుణించి చూడండి. ఎండాకాలం బిల్లులతో పాటు వచ్చే ఏసీడీ (అదనపు వినియోగ డిపాజిట్) నోటీసు వేరే. అది డిపాజిట్, రెండు నెలల సగటు బిల్లు మేరకు ఉండేలా అడుగుతారు. ఆ డబ్బు మీదే, ఏటా దాని మీద వడ్డీ బిల్లులో తగ్గించాలి. వడ్డీ వరస ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

ఇక మీటరు. మీటరు మీద ఎర్రటి చిన్న బల్బు మినుకుతుంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది, మామూలుగా 1600 గానీ 3200 గానీ. ఇంట్లో మెయిన్ కట్టేసి ఐదు నిమిషాలు ఆ బల్బునే చూడండి. ఒక్కసారి కూడా మినకకూడదు. మినికిందంటే మీటరుకు, మెయిన్‌కు మధ్య వైరింగులో ఎక్కడో పోతోంది, లేదా ఇంకొకరి కరెంటు మీ మీటర్లోంచి తిరుగుతోంది.

ఈ రెండోది కింద పోర్షన్, మేడ మీద పోర్షన్ రెండు మీటర్లతో ఉన్న ఇళ్ళలో ఎక్కువ. ఫేజు ఎవరిది వాళ్ళకే ఉంటుంది గానీ, మేడ మీద గది వేసినప్పుడో ఇన్వర్టర్ పెట్టినప్పుడో న్యూట్రల్ కలిపేస్తారు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు ఫేజులో, న్యూట్రల్‌లో ఏది ఎక్కువుంటే దాన్ని లెక్కిస్తుంది. పై పోర్షన్ ఏసీ న్యూట్రల్ మీ మీటర్లోంచి పోతే ఆ వాడకం ఇద్దరి మీటర్లలోనూ పడుతుంది. ఒకటే కరెంటుకు ఇద్దరూ కడతారు. మీటరు మీద 'ఈఎల్' (ఎర్త్ లోడ్) గుర్తు ఆరకుండా వెలుగుతుంటే ఈ అనుమానం బలపడుతుంది. బోరులోని కేబుల్ జాయింటు దెబ్బతిని కరెంటు భూమిలోకి పోతున్నా అదే గుర్తు వస్తుంది. మెయిన్ వేసి, ఎంసీబీలన్నీ దించి, ఒక్కొక్కటే ఎత్తుతూ పోండి. ఏది ఎత్తినప్పుడు గుర్తు వెలిగితే తప్పు ఆ లైనులో ఉంది. దీన్ని సరిచేయాల్సింది మీ ఎలక్ట్రీషియనే. మీటరు సీలు మాత్రం ఎవరినీ ముట్టనివ్వకండి.

మీటరు వేగంగా తిరుగుతోందా అనేది కూడా ఇంట్లోనే తేలుతుంది. అన్నీ కట్టేసి, 1500 వాట్ల నీళ్ళ హీటర్ రాడ్ ఒక్కటే నిండు బకెట్లో వేసి స్విచ్ వెయ్యండి. నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు, బకెట్ ముట్టొద్దు. 1600 మీటరైతే నిమిషానికి 40 మినుకులు, 3200 మీటరైతే 80 రావాలి. ఈ పరీక్షకు ఇస్త్రీపెట్టె పనికిరాదు, అది మధ్యలో తనంతట తానే ఆరిపోతుంటుంది. సాయంత్రం వోల్టేజీ 200కి పడిపోయే వీధుల్లో రాడ్ కూడా ముప్పాతిక శక్తితోనే కాలుతుంది, కాబట్టి ఉదయం 230 దగ్గర ఉన్నప్పుడు చూడండి. పదింట ఒక వంతు అటూ ఇటూ అయితే రాడ్ తేడా అనుకోవచ్చు. 40 రావాల్సిన చోట 55 వస్తే మీటరు పరీక్షకు రుసుము కట్టి రాతపూర్వకంగా అడగండి.

మీ విషయంలో మీటరు తప్పు కాదనే నా అంచనా. అదనపు 240 యూనిట్లంటే రోజుకు 8. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రి తొమ్మిది గంటలు నడిస్తే 7 నుంచి 9 యూనిట్లు తింటుంది. లెక్క సరిపోతోంది. అయినా పరీక్ష చెయ్యండి, ఖర్చు లేని పనే.

ఏసీ 22లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటుంటే 26కు మార్చి ఫ్యాను వెయ్యండి. ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం తగ్గుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. రోజుకు 2 యూనిట్లు, నెలకు 60. మీ 430 నుంచి 60 తీసేస్తే 555 రూపాయలు మిగులుతుంది. బయటి యూనిట్ సంగతి చాలామంది పట్టించుకోరు. సముద్రపు గాలి తగిలే మన వైపు ఉప్పు, దుమ్ము కలిసి వెనక రేకుల మధ్య అట్ట కడుతుంది. వేడి బయటికి పోక కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. మార్చిలోపే నీళ్ళతో కడిగించండి, లోపలి జల్లెడ రెండు వారాలకోసారి మీరే కడగండి.

తర్వాత మోటరు. ఇది దాక్కున్న దొంగ. ఒక హెచ్‌పీ సబ్‌మర్సిబుల్ సుమారు 1.2 కిలోవాట్లు తీసుకుంటుంది. ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో గోడ మీద రాసుకోండి. డిసెంబరులో 30 నిమిషాల్లో నిండేది మేలో గంట పడితే, రోజుకు రెండుసార్లు నింపే ఇంట్లో నెలకు 36 యూనిట్లు ఊరికే పోతున్నట్టు. నీటిమట్టం దిగిపోవడం ఒక కారణం. కనిగిరి, పొదిలి వైపు బోర్లలో అది మామూలే, దానికి మనం చేయగలిగింది తక్కువ. కానీ పైపులోని నాన్ రిటర్న్ వాల్వ్ కారి నీళ్ళు వెనక్కి దిగుతుంటే, ప్యానెల్ బోర్డులో కండెన్సర్ బలహీనపడి మోటరు మూలుగుతూ తిరుగుతుంటే, అవి తక్కువ ఖర్చుతో పోయే జబ్బులే. కండెన్సర్ మార్చేటప్పుడు పాతదాని మీద రాసిన ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, కండెన్సర్ కొలత) అంకే తెప్పించండి. ఎక్కువ వేస్తే బలం వస్తుందనుకుని వేయిస్తే వైండింగ్ కాలుతుంది.

ఫ్యాన్ల మాట తేలిగ్గా తీసుకోకండి. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే తేడా నెలకు 60 యూనిట్లు. మూడూ ఒకేసారి మార్చలేకపోతే హాల్లోది ముందు మార్చండి, ఎక్కువ తిరిగేది అదే. ఫ్రిజ్ తలుపు మధ్యలో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. నోటు సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. ఇన్వర్టర్ బ్యాటరీ నాలుగేళ్ళు దాటితే దాన్నీ అనుమానించండి. చార్జి నిలబడని బ్యాటరీ రోజంతా లాగుతూనే ఉంటుంది. ఎడతెగకుండా 40 వాట్లు లాగినా నెలకు 29 యూనిట్లు.

ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే, ముందు రెండు బిల్లుల తేదీలు చూడండి. 30 రోజులకు తీయాల్సిన రీడింగ్ 36 రోజులకు తీశారా? పోయిన నెల 'డోర్ లాక్' అని సగటు వేసి, ఈ నెల అంతా కలిపారా? ఈ రెండింట్లో ఏది జరిగినా యూనిట్లు పై స్లాబులో పడతాయి, నెలల వారీగా విడదీసి వెయ్యమని అడగాల్సిన కేసు అది. కరెంటు ఫిర్యాదుల ఫోను 1912కు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కి కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. బిల్లు సవరణ ఈఆర్‌ఓలో, అంటే కరెంటు రెవెన్యూ ఆఫీసులో జరుగుతుంది. పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి, నెల్లూరు వాళ్ళు తిరుపతి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కిందికి, ఒంగోలు వాళ్ళు విజయవాడ డిస్కం కిందికి వస్తారు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. తగాదా తేలేదాకా కట్టనని కూర్చోవద్దు. లైను తీస్తే ఎండలో బాధపడేది మీ ఇంట్లోవాళ్ళే. అభ్యంతరం రాసిచ్చి కట్టండి, తేలాక తగ్గిస్తారు.

ఏటా ఆరేడు నెలలు 350 దాటే ఇంటికి సోలార్ లెక్క బాగా కుదురుతుంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున 2 కిలోవాట్లు నెలకు 240 ఇస్తాయి. 380 యూనిట్ల ఇల్లు 140కి దిగితే యూనిట్ల చార్జీ 2,373 నుంచి 507కు వస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60,000, మూడుకు 78,000 సబ్సిడీ ఉంది. కావలి లాంటి తీరపు ఊళ్ళో ఒక్కటి గట్టిగా అడగండి: స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేసింది అయి ఉండాలి, కోసిన చోట, రంధ్రం వేసిన చోట జింకు పెయింటు వెయ్యాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మామూలు ఇనుముకు రంగు వేసి బిగిస్తే ఉప్పుగాలికి మూడు నాలుగేళ్ళలో కాళ్ళ దగ్గర తుప్పు మొదలవుతుంది.