14 యూనిట్లకు 1,260 రూపాయలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా వారు రైస్ మిల్లులో గుమాస్తా. అద్దె ఇంట్లో పై వాటాలో ఉంటున్నాం. మా వాటాకు వేరే మీటరు ఉంది, కానీ అది ఇంటి యజమాని పేరు మీదే ఉంది. గృహజ్యోతి కింద ఏడాదికి పైగా సున్నా బిల్లు వస్తోంది. మే నెలలో మాత్రం 214 యూనిట్లు కాలాయని 1,260 రూపాయల బిల్లు ఇచ్చారు. దాని కింద ఏసీడీ అని మరో 480 రూపాయలు ఉంది. 14 యూనిట్లు ఎక్కువ కాలినందుకు ఇంత కట్టాలా? గ్యాస్ సిలిండర్ కూడా 500కే అన్నారు గానీ ప్రతిసారీ పూర్తి ధర ఇస్తున్నాం. దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీ బిల్లు తప్పుగా రాలేదు. మీరు కట్టాల్సింది 14 యూనిట్లకు కాదు, మొత్తం 214 యూనిట్లకు. గృహజ్యోతిలో 200 యూనిట్ల వరకు పూర్తిగా ఉచితం, 201వ యూనిట్ కాలితే ఆ నెలకు పూర్తి బిల్లు. 200 పోగా మిగిలిన వాటికే డబ్బు కడతామని చాలామంది అనుకుంటారు. పథకం అలా పనిచేయదు.

మీ బిల్లును విడదీసి చూద్దాం. తెలంగాణలో గృహ వినియోగానికి 2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ధరల్లో మూడు మెట్లున్నాయి. నెలకు 100 యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే ధర మారిపోతుంది: 200 వరకు 5.10, ఆపై 300 వరకు 7.70. అంటే మెట్టు ఎక్కిన ఇంటికి కింది మెట్టు ధర ఇక వర్తించదు.

మీ లెక్క ఇది. 200 యూనిట్లకు 1,020 రూపాయలు, మిగిలిన 14కు 107.80. విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు, అది 12.84. కనెక్షన్ సామర్థ్యాన్ని బట్టి కిలోవాట్‌కు 10 రూపాయల చొప్పున స్థిర చార్జీ, మీ రెండు కిలోవాట్లకు 20. కస్టమర్ చార్జీ 100. అన్నీ కలిపితే 1,260 చిల్లర. స్థిర చార్జీ మీరు కరెంటు వాడినా వాడకపోయినా ఉంటుంది. కస్టమర్ చార్జీ మాత్రం వాడకం పెరిగే కొద్దీ పెరుగుతుంది.

గృహజ్యోతి లేని ఇంటిని తీసుకున్నా 200 దగ్గర గండం తప్పదు. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే కరెంటు ధర 820 రూపాయలు, 201 కాలిస్తే 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలకు పైగా తేడా. 100 నుంచి 101కి వెళ్లినా 92 రూపాయల తేడా ఉంటుంది. అందుకే నెలాఖరున బిల్లు చూసి బాధపడటం కంటే నెల మధ్యలో మీటరు చూడటం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

రీడింగ్ తీసిన రోజున మీటరులోని అంకెను క్యాలెండర్‌లో రాసుకోండి. 200 యూనిట్లను 30 రోజులకు పంచితే రోజుకు ఆరున్నర యూనిట్ల చిల్లర. పది రోజులకోసారి చూసి, 66 లోపు ఉన్నారో లేదో సరిచూసుకోండి. ఇరవయ్యో రోజుకు 140 దాటితే మిగిలిన పది రోజులు జాగ్రత్త పడే వీలుంటుంది. బిల్లు మీద గత రీడింగ్ తేదీ, ఇప్పటి తేదీ రెండూ ఉంటాయి. మధ్యలో 30 రోజుల కంటే బాగా ఎక్కువ ఉన్నాయనుకుంటే బిల్లు పట్టుకుని విద్యుత్ రెవెన్యూ కార్యాలయంలో అడగండి, లేదా 1912కు ఫోన్ చేయండి. అడగడం మీ హక్కు.

మే నెలలో మన దక్షిణ తెలంగాణ ఎండకు కూలర్ ఆపుకోమని నేను చెప్పను. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అది సలహా కాదు. 180 వాట్ల కూలర్ రోజుకు 10 గంటలు నడిస్తే నెలకు 54 యూనిట్లు అవుతాయి, అవి కాలనివ్వండి. తగ్గించాల్సింది వేరే చోట ఉంది. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను రోజుకు 18 గంటలు తిరిగితే నెలకు 40 యూనిట్లు తింటుంది. దాని స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాను పెడితే 16 యూనిట్లే. ఒక్క ఫ్యాను మార్పుతో 24 యూనిట్లు మిగులుతాయి, మీరు దాటింది 14. ఇలాంటి రెండు వేసవి బిల్లులు తప్పితే ఫ్యాను ఖరీదు దాదాపుగా వచ్చేసినట్టే. ఇల్లు మారినా దాన్ని విప్పి వెంట తీసుకెళ్లవచ్చు.

ఈ బిల్లును మాత్రం గడువులోపు కట్టేయండి. బకాయి ఉంటే తర్వాతి నెల 200 లోపు కాల్చినా సున్నా బిల్లు ఆగుతుంది. ఒక నెల దాటినంత మాత్రాన పథకం నుంచి మీ పేరు పోదు.

సాగర్ జలవిద్యుత్ కేంద్రం, దామరచర్లలోని యాదాద్రి థర్మల్ కేంద్రం మన జిల్లాలోనే ఉన్నాయి కదా, మనకు ధర ఎందుకు తగ్గదని నల్గొండ పాఠకులు అడుగుతుంటారు. ధరలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది, కరెంటు ఎక్కడ పుట్టిందన్న దానితో సంబంధం లేకుండా ఊరూరికీ ఒకటే.

ఇక ఏసీడీ. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. అది చార్జీ కాదు, అదనపు వినియోగ డిపాజిట్. సుమారు రెండు నెలల బిల్లుకు సరిపడా సొమ్ము కంపెనీ దగ్గర ఉండాలన్నది నిబంధన. వాడకం పెరిగితే తక్కువైన మొత్తాన్ని అడుగుతారు. దానికి ఏటా వడ్డీ లెక్కగట్టి బిల్లులో సర్దుతారు, కనెక్షన్ రద్దు చేసుకుంటే తిరిగి ఇస్తారు. అయితే ఎవరికి ఇస్తారు? కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వారికి. మీరు 480 కడితే అది మీ ఇంటి యజమాని ఖాతాలో చేరే డిపాజిట్ అవుతుంది. కాబట్టి వారితో మర్యాదగా మాట్లాడి ఆ మొత్తాన్ని వారినే కట్టమనండి, లేదా మీరు కట్టి వచ్చే నెల అద్దెలో తగ్గించుకోండి. నోటి మాటతో వదిలేయకుండా రసీదు దాచి, ఫోన్‌లో ఒక సందేశం కూడా పంపండి. వాడకానికి సంబంధించిన 1,260 మాత్రం మీదే.

గ్యాస్ సంగతి సులభం. మహాలక్ష్మి పథకంలో సిలిండర్ తెచ్చినవారికి ముందు పూర్తి ధర ఇవ్వాలి. 500 పోగా మిగిలినది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏడాదికి ఎన్ని సిలిండర్లకు అన్నది గత మూడేళ్ల మీ సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. డబ్బు పడలేదంటే ముందు చూడాల్సింది ఏ ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉందన్నది. మీరు వాడే ఖాతా ఒకటి, డబ్బు పడే ఖాతా ఇంకొకటి కావచ్చు. బ్యాంకులో అడిగితే చెబుతారు. అక్కడా జమ లేకపోతే రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం పట్టుకుని మున్సిపల్ కార్యాలయానికి వెళ్లండి. ఇంటికి తెచ్చినందుకు పైన ఎంతో కొంత అడిగితే బిల్లు చూపించమనండి. రాసి ఉన్నంతే ఇవ్వాలి.

ఆ ఖాతా దొరికాక దాన్ని సిలిండర్ ఖాతాగానే ఉంచండి. తిరిగి వచ్చిన డబ్బును ఇంటి ఖర్చుల్లో కలపకుండా అందులోనే వదిలి, తర్వాతి సిలిండర్‌కు దాన్నే తీయండి. అప్పుడు ప్రతిసారీ మీ చేతి నుంచి పెట్టాల్సింది 500 మాత్రమే.