మిస్సోరి జర్నలిజం సీటు: అమ్మాయిని పంపొచ్చా?

మీ అమ్మాయికి అమెరికాలో మిస్సోరి యూనివర్సిటీ జర్నలిజం స్కూల్లో సీటొచ్చిందని, అక్కడ ఉత్త పుస్తకాల చదువేనేమో, తర్వాత ఉద్యోగం సంగతేంటని టెన్షన్ పడుతున్నారు కదండీ. మొదటిదాని గురించి దిగులు పెట్టుకోకండి. 1908లో మొదలైనప్పటి నుంచీ ఆ స్కూలు పద్ధతే పని చేస్తూ నేర్చుకోవడం. వాళ్ల ‘కొలంబియా మిస్సోరియన్’ క్యాంపస్ కబుర్ల పత్రిక కాదు, స్కూలున్న కొలంబియా ఊరి పత్రిక. సిటీ కౌన్సిల్ మీటింగ్‌కీ కోర్టుకీ పిల్లలే వెళ్లి వార్తలు రాస్తారు, పైన అనుభవమున్న ఎడిటర్లుంటారు. వార్త బయటికి వెళ్లే ముందు, మాట్లాడిన మనిషికి ఫోన్ చేసి పేరు స్పెల్లింగు, హోదా, అంకెలు అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. మన దగ్గర చాలా డెస్కుల్లో అంత ఓపిక కనబడదు లెండి! టీవీ ఇష్టమైతే కేఓఎంయూ ఉంది. యూనివర్సిటీ సొంత ఛానల్, ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ నెట్‌వర్క్‌కి అనుబంధం. రేడియోకి కేబీఐఏ, ప్రకటనల వైపు విద్యార్థులే నడిపే మోజో యాడ్ ఏజెన్సీ ఉన్నాయి.

ఇక ఉద్యోగం సంగతికొస్తే, అసలు చూసుకోవాల్సింది వీసా. బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ (చదువుతుండగానే పని చేయనిచ్చే) అనుమతి ముందే తీసుకోవాలి. మామూలు జర్నలిజం కోర్సుకి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే గడువు, ఏడాదే; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) వాళ్లకొచ్చే 24 నెలల పొడిగింపు ఉండదు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు కోడ్ ఏమని ఉందో చూసి, పొడిగింపు వర్తిస్తుందో లేదో అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసుకి అమ్మాయి చేత ఇప్పుడే మెయిల్ పెట్టించండి. అప్పు చేసి పంపేటట్టయితే, ఆ జవాబు వచ్చాకే లోన్ కాగితాల మీద సంతకం పెట్టండి.