టెక్ సందేహాలు: మంచు తోసే బ్లేడుకు బ్లూటూత్ దేనికి?

చలికాలం మొదలైందంటే చాలు, అమెరికాలో పిల్లలున్న హైదరాబాద్ తల్లిదండ్రుల నుంచి ఈ శీర్షికకు ఒకే తరహా ఉత్తరాలు వస్తుంటాయి. అక్కడ ఇంటి ముందు మంచు తొలగించే యంత్రాలకు తగిలించే రిమోట్లు, యాప్‌లు నమ్మదగినవేనా అన్నది వాటి సారాంశం. ఈసారి కూకట్‌పల్లి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి వివరంగా రాశారు. మిషిగన్‌లో ఉంటున్న ఆయన కుమారుడు తన 35 హెచ్‌పీ కాంపాక్ట్ ట్రాక్టర్‌కు ముందువైపు 6 అడుగుల మంచు బ్లేడు బిగించుకోవాలనుకుంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూసిన కిట్‌లో బ్లేడును ఎత్తి దించడానికి, పక్కలకు తిప్పడానికి ఒక బ్లూటూత్ కంట్రోలర్ ఉంది. దాన్ని ట్రాక్టర్ డయాగ్నస్టిక్ పోర్టుకు, అంటే మెకానిక్ లోపాలను పరీక్షించే సాకెట్‌కు తగిలించి, అమ్మకందారు పంపే లింకు నుంచి యాప్ దించుకుని ఫోన్‌తో నడపాలట. ఇది సురక్షితమేనా, బిగింపుకు కావలసిన బ్రాకెట్లను బాలానగర్‌లో చేయించి పంపవచ్చా అని ఆయన అడిగారు.

బ్లేడు కొనవచ్చు, ఆ కంట్రోలర్ మాత్రం వద్దు.

బ్లేడు వెడల్పు విషయంలో ఒక చిన్న లెక్కను చాలామంది వేసుకోరు. 72 అంగుళాల బ్లేడును 30 డిగ్రీలు పక్కకు తిప్పితే అది శుభ్రం చేసే దారి సుమారు 62 అంగుళాలకు తగ్గుతుంది. టైర్ల బయటి అంచుల మధ్య దూరం, మంచులో జారకుండా గొలుసులు చుడితే వాటితో కలిపి, అంతకన్నా తక్కువ ఉండాలి. లేకపోతే టైర్లు ఇంకా తీయని మంచును తొక్కి గట్టిపరుస్తాయి. ఇక బ్లేడును లోడర్ (ట్రాక్టర్ ముందు బకెట్‌ను ఎత్తే ఏర్పాటు) చేతులకు తగిలించడం తేలికే గానీ, ఆ చేతులు బరువు ఎత్తడానికి చేసినవి, పక్క నుంచి పడే దెబ్బను తట్టుకోవడానికి చేసినవి కావు. మంచు కింద కనబడని కాంక్రీటు అంచుకు బ్లేడు మూల తగిలితే అవి మెలితిరిగే ప్రమాదం ఉంది. అందుకే ట్రాక్టర్ కింది భాగానికి బిగించే సబ్‌ఫ్రేమ్ అనే ఇనుప చట్రం మేలు. లోడర్‌కే తగిలించక తప్పదనుకుంటే, అడ్డు తగలగానే ముందుకు వాలిపోయే స్ప్రింగులున్న బ్లేడును ఎంచుకుని నెమ్మదిగా నడపాలి. వెనుకవైపు తగినంత బరువు కట్టుకోవాలన్న సంగతి ఆ అబ్బాయికి ఈపాటికి తెలిసే ఉంటుంది.

నన్ను అసలు కలవరపెడుతున్నది ఆ డయాగ్నస్టిక్ పోర్టు. ఈ శక్తి గల కొత్త ట్రాక్టర్లలో చాలావాటిలో ఇంజన్‌ను, కొన్ని మోడళ్లలో ట్రాన్స్‌మిషన్‌ను కూడా ఎలక్ట్రానిక్ యూనిట్లు నడుపుతాయి, అవన్నీ క్యాన్ బస్ అనే ఉమ్మడి తీగల మీద మాట్లాడుకుంటాయి. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన ఈ పద్ధతిలో ఒక సందేశాన్ని నిజంగా ఎవరు పంపారో సరిచూసే ఏర్పాటు లేదు, ఎందుకంటే ఆ తీగల మీదికి బయటివాడొకడు వస్తాడన్న ఊహే అప్పట్లో లేదు. అలాంటి చోట ఊరూపేరూ లేని రేడియో పరికరాన్ని తగిలిస్తే, దాన్ని లోబరచుకున్నవాడు ఇంజన్ యూనిట్ మాట్లాడినట్లే మాట్లాడగలడు. ఇది నా అతిశయోక్తి కాదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక కారు డయాగ్నస్టిక్ పోర్టుకు తగిలించిన చిన్న పరికరానికి ఎస్ఎంఎస్‌లు పంపి వైపర్లను తిప్పారు, తక్కువ వేగంలో బ్రేకులను కూడా తమ అదుపులోకి తెచ్చుకున్నారు. నూనె ఒత్తిడితో బ్లేడును కదిలించే హైడ్రాలిక్ వాల్వుకు కావలసింది 12 వోల్టుల కరెంటు మాత్రమే. దానికోసం ట్రాక్టర్ మెదడులోకి దారి తెరవమనే కిట్ తయారీదారుకు భద్రత అన్న ఆలోచనే లేదని నా అభిప్రాయం.

బ్లూటూత్ పది మీటర్లు దాటదు కదా అని కొందరు వాదిస్తారు. మంచి యాంటెన్నా ఉన్నవాడికి ఆ హద్దు వర్తించదు, పైగా ఇలాంటి చౌక కంట్రోలర్లు చాలావరకు 0000 లేదా 1234 పిన్‌తోనే వస్తాయి, ఎవరూ మార్చరు. యాప్ సంగతి మరీ ఘోరం. ప్లే స్టోర్‌లో లేని ఏపీకే ఫైలును వాట్సాప్‌లో వచ్చిన లింకు నుంచి దించుకోవద్దని బ్యాంకులు, పోలీసులు మొత్తుకుంటున్న రోజుల్లో, ఒక ఇనుప రేకును పైకీ కిందికీ కదపడం కోసం మన పిల్లలు అదే పని చేస్తున్నారు. బ్లేడు తిప్పే యాప్ కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగితే అక్కడితోనే దాన్ని తొలగించాలి.

దాడి చేసేవాడెవడూ లేకపోయినా ఈ ఏర్పాటు పనికిరాదు. చాలా ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్యనే వాడమని తయారీదారులే చెబుతారు, మిషిగన్ చలికాలం అంతకన్నా చాలా కిందికి దిగుతుంది. మందపాటి గ్లౌజులతో టచ్ స్క్రీన్ సరిగా పనిచేయదు, బ్లేడు దిగుతుండగా ఇంటి నుంచి ఫోన్ వస్తే తెర మొత్తం ఆ కాల్‌తోనే నిండిపోతుంది. కనెక్షన్ తెగినప్పుడు వాల్వు మధ్యస్థానానికి వచ్చి ఆగుతుందా, లేక చివరి ఆదేశాన్ని పట్టుకుని కదుపుతూనే ఉంటుందా అన్న ప్రశ్నకు కిట్ పత్రంలో జవాబు ఉందేమో ఆ అబ్బాయిని చూడమనండి. మీటను లాగితే చక్కగా పనిచేసే ప్రతి యంత్రానికీ ఒక యాప్ తగిలించే ఈ ధోరణి మీద నాకున్న విసుగును పాఠకులు ఇప్పటికే చాలాసార్లు భరించారు.

యాప్ బదులు చేతి రిమోట్ ఉన్న కిట్ కొనవచ్చు కదా అనుకోవద్దు. మన దగ్గర చాలా అపార్టుమెంట్ల గేటు రిమోట్లకు తాళంచెవుల దుకాణంలో నిమిషాల్లో నకలు తీసి ఇస్తారు, ఎందుకంటే అవి ప్రతిసారీ ఒకే కోడును పంపుతాయి. చౌక కిట్ల రిమోట్లలో చాలావాటిదీ అదే తీరు.

చేయవలసింది ఇది. లోడర్ బకెట్‌ను వంచే హైడ్రాలిక్ లైన్‌ను అవసరమైనప్పుడు బ్లేడు తిప్పే సిలిండర్లకు మళ్లించే డైవర్టర్ వాల్వు దొరుకుతుంది. జాయ్‌స్టిక్ మీద ఒక బటన్, అక్కడి నుంచి వాల్వుకు తీగ, బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉంటే చాలు. బటన్ వదిలితే వాల్వు దానంతట అదే పూర్వస్థితికి వస్తుంది, దాన్ని హ్యాక్ చేయాలంటే సీటులో కూర్చోవాలి. పైపులు బిగించాక నూనె కారుతోందేమో చేత్తో తడిమి చూడవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. సన్నని చిల్లు నుంచి ఆ ఒత్తిడితో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూదిమొన అంత గుర్తే కనబడినా అది వెంటనే ఆపరేషన్ చేయవలసిన గాయం. అట్టముక్క పెట్టి చూడాలి.

బ్రాకెట్ల విషయానికొస్తే, బాలానగర్‌లో పనితనానికి లోటు లేదు గానీ, రంధ్రాలు ట్రాక్టర్ ఎదురుగా ఉంచుకుని కొలిచి వేయవలసినవి కాబట్టి అక్కడే చేయించడం మంచిది. ఇక్కడి నుంచి బోల్టులు పంపుతానంటే ఒక్కటి గమనించండి. అమెరికా కిట్ పత్రంలో బోల్టు బలాన్ని తెలిపే గుర్తు గ్రేడ్ 8 అని ఉంటే మన దుకాణంలో 8.8 ముద్ర ఉన్నది తీసుకోకూడదు. అది అక్కడి గ్రేడ్ 5కు దాదాపు సమానం, గ్రేడ్ 8కు సరితూగేది 10.9.