చిన్నీ, ముందు వాళ్ళ ఫైల్ వాళ్ళకి చూపించు

చిన్నీ,

నువ్వు హైస్కూల్లో ట్రాన్సిషన్ టీచర్‌గా చేరుతున్నావని, పన్నెండో గ్రేడ్ స్పెషల్ ఎడ్ పిల్లల్ని, అంటే వైకల్యం వల్ల ప్రత్యేక సాయంతో చదివే పిల్లల్ని, కమ్యూనిటీ కాలేజీలో, అదే రెండేళ్ళ సర్కారు కాలేజీలో, చేర్పించే పని నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. "పెద్దమ్మ బుద్ధులే వచ్చాయి దానికి" అని కూడా అంది, అది పొగడ్తో తిట్టో నాకు అర్థం కాలేదు. గర్వంగా అనిపించిందే, అబద్ధమెందుకు. సాయంత్రానికి మాత్రం భయం పట్టుకుంది, ఎందుకంటే చిన్నప్పుడు తమ్ముడి హోంవర్క్ వాడి చేతిరాతలోనే రాసిపెట్టే దానివి నువ్వు, టీచర్ కూడా కనిపెట్టలేకపోయేది. ఆ మనసుతో ఈ ఉద్యోగంలోకి వెళ్తే ఆ పిల్లలకి నువ్వే అడ్డం అవుతావు. కోపం తెచ్చుకోకుండా మొత్తం చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. కాలేజీ అప్లికేషన్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఫారం ముందే పెట్టించు, డిజెబిలిటీ ఉన్న పిల్లల ఆఫీసుకి, అదే మన కాలిఫోర్నియాలో డీఎస్‌పీఎస్ అంటారు కదా, నేను రిటైరయ్యేదాకా పనిచేసిన ఆఫీసు, దానికి వేరేగా అప్లై చెయ్యాలి, సీటు వచ్చేసింది కదా అని అది దానంతటదే అవ్వదు. ఇదంతా ఏప్రిల్ లోపే అయిపోవాలి. డీఎస్‌పీఎస్‌లో ముందే చేరిన పిల్లలకి క్లాసులు అందరికన్నా ముందు ఎంచుకునే వీలుంటుంది, ఆగస్టులో పరిగెత్తుకుంటూ వస్తే మిగిలేవి రాత్రి క్లాసులే.

రాత్రి క్లాసులంటే నాకు భయం, నవ్వుకో పర్లేదు. స్కూల్ ఉన్నన్నాళ్ళు పసుపు పచ్చ స్కూల్ బస్సు ఇంటి ముందుకొచ్చి ఎక్కించుకుంటుంది, డిప్లొమా, అంటే హైస్కూల్ పాసైన పట్టా, చేతికొచ్చిన రోజున ఆ బస్సు ఆగిపోతుంది, అది ఎవరికీ గుర్తుండదు. తొమ్మిదిన్నరకి క్లాస్ అయ్యాక చలిలో బస్టాప్‌లో ఒక్కత్తే నిలబడ్డ అమ్మాయిని నా కార్లో దింపాలా వద్దా, రూల్స్ ఒప్పుకుంటాయా అని పార్కింగ్ లాట్‌లో కూర్చుని మధనపడ్డ రాత్రులు నాకున్నాయి. కాబట్టి బస్సు రూటు పిల్లలతో నువ్వే ఒకసారి తిరుగు. మామూలు బస్సు ఎక్కలేని వాళ్ళకి పారాట్రాన్సిట్, అదే వాళ్ళ కోసం నడిపే ప్రత్యేక బండి, అప్లికేషన్ వేసవిలోనే పెట్టించు, దాని మీద నిర్ణయానికి 21 రోజులదాకా పట్టొచ్చు. జీపీఏ సంగతి తర్వాత, ముందు పిల్ల ఇంటికి చేరాలి.

ఇంక అసలు విషయం. స్కూల్లో నడిచే చట్టం వేరు, కాలేజీలో వేరు. ఐడియా చట్టం, అదే స్కూల్లో స్పెషల్ ఎడ్ చట్టం, ఉన్నన్నాళ్ళు పిల్లాణ్ని వెతుక్కుంటూ వెళ్ళాల్సింది స్కూలే, పరీక్షలు చేయించాల్సింది వాళ్ళే, ఐఈపీ, అంటే ఆ పిల్లాడికి ఏ సాయం ఎలా ఇవ్వాలో రాసే ప్లాన్, రాయాల్సిందీ వాళ్ళే. రెగ్యులర్ డిప్లొమా తీసుకోగానే అదంతా ఆగిపోతుంది. కాలేజీలో 1973 నాటి సెక్షన్ 504, 1990 నాటి ఏడీఏ మాత్రమే ఉంటాయి, అవి వైకల్యం ఉందని వివక్ష చూపించొద్దని చెప్పే చట్టాలు, వెతుక్కుంటూ ఎవరూ రారు, నాకిది ఉంది, నాకిది కావాలి అని పిల్లాడే వచ్చి చెప్పాలి. టైమ్ ఎక్కువ ఇస్తారు, పుస్తకం ఆడియోలో ఇస్తారు, నోట్స్ ఏర్పాటు చేస్తారు, కానీ ప్రశ్నలు తగ్గించరు, సిలబస్ మార్చరు. పక్కన కూర్చునే ఎయిడ్‌ని కాలేజీ ఇవ్వదు. అమ్మ ఫోన్ చేస్తే, పిల్లాడు సంతకం పెట్టందే మేం నోరు విప్పేవాళ్ళం కాదు. ఎంత మంది తల్లులు నన్ను ఫోన్‌లో తిట్టారో, అందులో తెలుగులో తిట్టిన వాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు ఒక అబ్బాయి గురించి చెప్తా, ఇది నిదానంగా చదువు.

మనవాళ్ళబ్బాయే, గుంటూరు వైపు కుటుంబం. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది, బాగా ఎక్కువగానే. మంచి తెలివైనవాడు, మాట్లాడితే ముచ్చటేసేది. స్కూల్లో స్పెషల్ ఎడ్ పిల్లలకి సాయం చేసే రిసోర్స్ టీచర్‌కి వాడంటే ప్రాణం. పరీక్షలో నాలుగు ఆప్షన్లుంటే వాడికి రెండే ఉంచేది, లెక్కలు చదివి వినిపించేది, హోంవర్క్ సగం చేస్తే చాలనేది, అలా రిపోర్ట్ కార్డు నిండా ఏలు, బీలు. ఇవన్నీ ఐఈపీలో రాసే ఉన్నాయి, తప్పుడు పని ఏమీ కాదు. కానీ ఆ ఐఈపీ మీటింగ్‌కి వాణ్ని పిలిచేవాళ్ళు కాదు. చిన్నప్పుడు ఆడుకోమని బయటికి పంపేవాళ్ళు, హైస్కూల్లో ఆఖరి ఐదు నిమిషాలకి పిలిచి సంతకం పెట్టించుకునేవాళ్ళు. వాళ్ళమ్మేమో "వాడికి చెప్పకండి, మనసు కష్టపెట్టుకుంటాడు" అని టీచర్‌ని బతిమాలింది, టీచరూ సరేనంది. వాడి దృష్టిలో రిసోర్స్ రూమ్ అంటే స్టడీ పీరియడ్, అంతే.

కాలేజీకొచ్చాడు. డీఎస్‌పీఎస్ అని పోస్టర్ చూసి ఉంటాడు, మనకెందుకులే అనుకుని ఉంటాడు, వాడి తప్పేముంది. మిడ్‌టర్మ్స్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. ప్రొఫెసర్ పంపిస్తే నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు, "నేను చదవలేదు ఆంటీ, ఈసారి కష్టపడతా" అంటున్నాడు. స్కూల్ నుంచి వాళ్ళమ్మ తెచ్చిన ఫైల్ టేబుల్ మీద ఉంది. సైకాలజిస్ట్ రిపోర్ట్ చదవమని ఇస్తే రెండు లైన్లు చూసి "ఇది ఎవరి గురించి?" అన్నాడు. నీ గురించే నాన్నా అన్నాను. మిగతాది నేనే చదివి వినిపించా, రెండో గ్రేడ్ నుంచీ ఉన్న రిపోర్టులు. అంతా విని అడిగాడు, "అంటే ఇది నాకు తప్ప అందరికీ తెలుసా?"

ఆ రోజు నుంచి ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చాం, కానీ అయిపోయిన పరీక్షలకి వెనక్కెళ్ళి అకామడేషన్, అదే ఇలాంటి వెసులుబాటు, ఇవ్వడం అనేది ఉండదు. ఫెయిల్ బదులు డబ్ల్యూ, అంటే మానేశాడని గుర్తు, పడేలా క్లాస్ డ్రాప్ అయ్యే గడువు ఇంకా ఉంది, ఫారం కూడా చేతికిచ్చా. వాడు మళ్ళీ రాలేదు. క్లాసులకీ వెళ్ళలేదు, ఇంట్లో వాళ్ళమ్మతో మాట్లాడటం మానేశాడు. మూడూ ఎఫ్‌లే. చేరిన యూనిట్లలో మూడింట రెండొంతులు పాసవ్వకపోతే ఫైనాన్షియల్ ఎయిడ్ ప్రమాదంలో పడుతుంది, అలాగే వార్నింగ్ లెటర్ వచ్చింది. చాన్నాళ్ళకి తిరిగొచ్చాడులే, పాత గ్రేడ్లు జీపీఏలో లెక్కపెట్టకుండా చేసే అకడమిక్ రెన్యువల్ అని ఒకటుంది, దానికి పిటిషన్ పెట్టుకుని మళ్ళీ మొదలెట్టాడు, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. కానీ తెలుగు ఫంక్షన్లలో వాళ్ళమ్మ నాకెదురుపడితే ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

ఆ టీచర్ చెడ్డ మనిషా అంటే కాదు, అచ్చం నీలాంటిదే, అందుకే నాకు భయం.

అందుకని చేరిన మొదటి నెలలోనే నీ లిస్టులో ఉన్న ఒక్కొక్క పిల్లతో విడిగా కూర్చుని వాళ్ళ ఐఈపీ వాళ్ళకి చదివి వినిపించు. ఏ పరీక్షలో ఏది మార్చారు, అది కాలేజీలో ఉంటుందా ఉండదా, పెన్ను పెట్టి గీసి చూపించు. ఉండనివాటిని పన్నెండో గ్రేడ్‌లోనే కొద్దికొద్దిగా తీసెయ్యడం మొదలుపెట్టండి, టీమ్‌ని ఒప్పించి, తల్లిదండ్రుల సంతకంతో. ఏడుస్తారు కొందరు, ఏడవనీ, నీ గదిలో ఏడవడం మంచిది, టిష్యూలు నీ డబ్బులతోనే కొనుక్కో, స్కూల్ ఇవ్వదు.

మనవాళ్ళ తల్లిదండ్రులు వస్తే వేరే తలనొప్పి. డిజెబిలిటీ ఉందని ట్రాన్స్‌క్రిప్ట్ మీద, అదే మార్కుల పత్రం మీద, పడుతుందా, రేపు సంబంధాలు వచ్చినప్పుడు తెలుస్తుందా అని అడుగుతారు. పడదు. ప్రొఫెసర్ దగ్గరికెళ్ళే లెటర్‌లో కూడా ఏమేం ఇవ్వాలో ఉంటుంది కానీ జబ్బు పేరు ఉండదు. ఇది తెలుగులో చెప్పు, సగం బిగింపు అక్కడే పోతుంది. డిప్లొమా తీసుకోవాలా, సర్టిఫికెట్ తీసుకుని ఇంకొన్నాళ్ళు స్కూల్ సర్వీసుల్లో ఉండాలా అనేది మాత్రం తొందరపెట్టకు, ఇక్కడ 22 ఏళ్ళదాకా అవకాశం ఉంది, డిప్లొమా తీసుకున్నాక వెనక్కి రాలేరు. చుట్టాలకి ఫొటో పెట్టడం కోసం డిప్లొమా ఇప్పించిన ఇళ్ళు చూశా.

మా ఆఫీసులో సీనియర్ ఒకావిడ కొత్తగా చేరినవాళ్ళకి ఎడ్ రాబర్ట్స్ కథ చెప్పేది. 14 ఏళ్ళకి పోలియో వచ్చి మెడ కింద కదలిక పోయినవాడు. డ్రైవింగ్, వ్యాయామం క్లాసులు చెయ్యలేదు కాబట్టి డిప్లొమా ఇవ్వం అంది హైస్కూల్, వాళ్ళమ్మ జోనా పోట్లాడి ఇప్పించింది. కాలేజ్ ఆఫ్ శాన్ మేటియో, మనది లాంటి కమ్యూనిటీ కాలేజే, అక్కడ చదివి 1962లో బర్కిలీ యూనివర్సిటీకి వెళ్ళాడు. ఉద్యోగం చెయ్యలేడు, డబ్బులు పెట్టం అని మొదట మొండికేసిన రాష్ట్ర రిహాబిలిటేషన్ శాఖకే 1975లో డైరెక్టర్ అయ్యాడు. ఆవిడ ఈ కథ చెప్పేది ధైర్యం కోసం కాదు. కాలేజ్ ఆఫ్ శాన్ మేటియోలో జీన్ వర్త్ అనే అడ్వైజర్ ఆయన వెనక నిలబడింది చూడు, ఆ చోటు మనది అని చెప్పడానికి. పోట్లాడే అమ్మ అందరికీ ఉండదే, ఉన్నా ఇంగ్లీష్ రాకపోవచ్చు.

కాలేజీ ఆఫీసుకి పిల్లల్ని తీసుకెళ్ళు, కానీ లోపలికి వెళ్ళకు. బయట బెంచీ మీద కూర్చో. లోపల వాడు తడబడతాడు, ఒక నిమిషం మాట రాదు, నీకు చెయ్యి దురద పెడుతుంది. ఫోన్ చూసుకో.

చివరిగా, స్కూల్ వదిలేటప్పుడు మీరు సమ్మరీ ఆఫ్ పర్ఫార్మెన్స్, అంటే పిల్లాడు ఏం చెయ్యగలడో, ఏ సాయం కావాలో చెప్పే రిపోర్ట్, ఇవ్వాలి, 2004 నుంచి చట్టంలో ఉంది, చాలామంది మూడు లైన్లు కొట్టి పడేస్తారు. "ఎక్స్‌ట్రా టైమ్ కావాలి" అని రాస్తే అవతల కౌన్సెలర్‌కి ఏం తెలుస్తుంది? ఎంత టైమ్, ఎలాంటి పరీక్షకి, ఏది పనిచేసింది, ఏది ట్రై చేసి వదిలేశారు, పిల్లాడు సొంత మాటల్లో ఏమన్నాడు, అదంతా రాయి. మొదటిది రాశాక పేరు, వివరాలు అన్నీ కొట్టేసి నాకు పంపు. రిటైరయినా ఎర్ర పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.

మీ పెద్దమ్మ